ఏ గొఱ్ఱెను పట్టి చూపవలెను?

మందలలో కార్జపు జలగలు ఎంతవరకు ఉన్నవో తెలియుటకు పెంటికలు అడిగినచో మీరు చిక్కిపోయిన జీవములనే చూపుదురు. అందువలన వ్యాధి ఉన్నదానికన్న హెచ్చుగా కనిపించును. మా సిబ్బంది కొందరు రోడ్డు ప్రక్క మందతో సరిపెట్టుదురు. నత్తలుండు చెరువు క్రింద మేయు మందలు లెక్కకే రావు. రెండును తగవు.

ఉదయము దొడ్డి విడుచునపుడు ప్రతి మందలోను పదింట ఒకదానిని పట్టుడు. మొదటి దానిని మాత్రము చీటీవేసి నిర్ణయింపుడు. ఊర 300 గొఱ్ఱెలున్నచో 30 వచ్చును. నూటికి 10 జీవములకు జలగలున్నను, 10 మాత్రమే పరీక్షించిన ఒక్కటియు దొరకకపోవుటకు మూడవవంతు అవకాశమున్నది. 30 చూచిన ఆ అవకాశము నూటికి 4 పాళ్లకు దిగును. కనుక "మీ ఊర లేదు" అని ఎవరైన చెప్పినచో, ఎన్నింటిని చూచిరో అడుగుడు.

జలగ పట్టిన సుమారు మూడు నెలలకుగాని పెంటికలలో గుడ్లు కనబడవు. వానలు వెలియగనే చేసిన పరీక్షను నమ్మి మందు మానరాదు.