నీళ్ళొచ్చే దారుంది, పోయే దారేదండీ?

పైనుంచి చూసిపోయేవాళ్ళకి కోనసీమంతా ఒకటే పచ్చచాప. కొండా లేదు, గుట్టా లేదు. కానీ ఇక్కడ రెండడుగుల తేడాతో రైతు బతుకు తిరగబడిపోద్ది. మెరక చేనోడిది ఒక లెక్క, పల్లపు చేనోడిది ఇంకో లెక్క.

కొత్తపేట, రావులపాలెం వైపు కాస్త మెరక. అరటి, కంద, కొబ్బరి పండుతాయి. అమలాపురం దాటి ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన దిగితే నేల దాదాపు సముద్రానికి సమానంగా ఉంటది. అక్కడ సార్వాకి వరి తప్ప దారి లేదు. గట్టి వానొస్తే ఆ వరీ దక్కదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు మెరక వెంబడి వచ్చాయి. మురుగు డ్రెయిన్లు పల్లంలో సాగాయి. అంటే పై ఊళ్ళ నీరంతా కింది ఊళ్ళ మీదుగానే సముద్రంలో కలవాలి. డ్రెయిన్లో గుర్రపుడెక్క, మొగలో ఇసక మేట, చుట్టూ అడ్డగోలుగా తవ్విన రొయ్యల చెరువులు. ఇక నీరెటు పోద్ది? పోటు సమయంలో ఉప్పునీరే ఎదురెక్కుద్ది. రాజోలు వైపు కేశనపల్లిలో కొబ్బరిచెట్లు తలలు వాల్చేసింది శంకరగుప్తం డ్రెయిన్లోకి ఎగదన్నిన ఉప్పునీటికే.

2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటిస్తే దేశమంతా చూసింది. గిట్టుబాటు ధర గురించి అందరూ మాట్లాడారు. 2022లో మళ్ళీ విరామం మాటెత్తినప్పుడు ముంపు గోడు గట్టిగానే వినిపించారు. విన్నదెవరు?

పల్లం దున్నేది ఎక్కువగా కౌలు రైతే. చేను మునిగినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 2019 చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టేవాళ్ళెందరు? కార్డు లేకపోతే నష్టపరిహారం చేను మునిగినోడికి కాకుండా పట్టా ఉన్నోడికి పోద్ది.

అడిగేది పెద్ద కోరికేం కాదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే డ్రెయిన్లు తవ్వండి. తవ్వకం మొగ దగ్గర మొదలెట్టి పైకి రండి. పైన తవ్వి కింద వదిలేస్తే పైవాడి ముంపు కిందోడి నెత్తిన పెట్టినట్టే. డ్రెయిన్లని ఆక్రమించిన చెరువులు తొలగించండి. పరిహారం సాగు చేసినోడికే ఇవ్వండి. జూన్‌లో ఆకుమళ్ళు పోశాక టెండర్లు పిలిస్తే ఆ డబ్బు కూడా మురుగులోకే.