తూర్ కొండకు దారి చూపేవారు

హిజ్రత్ గురించి మనం ఎన్నో బయానులు విన్నాం. సౌర్ గుహ సంగతి చిన్నపిల్లలు కూడా చెబుతారు. కానీ ఆ ప్రయాణంలో దారి చూపిన మనిషి ఎవరని అడిగితే చాలామంది తడబడతారు. ఆయన పేరు అబ్దుల్లా బిన్ ఉరైఖిత్. అప్పటికి ముస్లిం కాదు. అయినా దైవప్రవక్త (సల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయనను కూలికి మాట్లాడుకున్నారు. తమ రెండు ఒంటెలనూ ముందే అప్పగించి, మూడు రాత్రులు గడిచాక గుహ దగ్గరికి తీసుకురమ్మన్నారు. పట్టిచ్చిన వారికి బహుమానం ఇస్తామని ఖురైషులు చాటింపు వేసిన రోజులవి. ఒక్క మాట బయటపెడితే ఆయనకు సంపద దక్కేది. చెప్పిన వేళకు ఒంటెలతో వచ్చాడు. అందరూ వెళ్లే బాట వదిలి, సముద్ర తీరం వైపు దారిన తీసుకుపోయాడు.

ఎడారి కొండల్లో దారి నేల మీద కనిపించదు, అక్కడి మనిషి తలలో ఉంటుంది. ఈజిప్టులోని సీనా ద్వీపకల్పంలో నేటికీ అంతే. దివ్య ఖుర్ఆన్ ప్రమాణం చేసి చెప్పిన తూర్ సీనా ఉన్నది ఆ కొండల్లోనే అని తరతరాల నమ్మకం. అక్కడ 2015లో తరాబీన్, ముజైనా, జబాలియా అనే మూడు బదూ తెగలవారు కలిసి ఒక కాలిబాటను సిద్ధం చేశారు. పేరు సీనా ట్రైల్. అఖబా సింధుశాఖ ఒడ్డున మొదలై, ఈజిప్టులోకెల్లా ఎత్తయిన కాథరీనా శిఖరం దాకా 220 కిలోమీటర్లు. సుమారు రెండు వారాల నడక. 2018 నాటికి ఎనిమిది తెగలు చేరాయి. బాట 550 కిలోమీటర్లయింది.

ఆ బాటకు పెట్టుకున్న నియమం నాకు బాగా నచ్చింది. ఏ తెగ నేల మీద ఆ తెగ మనిషే దారి చూపాలి. సరిహద్దు రాగానే ప్రయాణికులను పక్క తెగవారికి అప్పగించాలి. సామాను, నీళ్లు ఒంటెల మీద వస్తాయి. పిండి కలిపి నిప్పుల బూడిదలో పూడ్చి రొట్టె కాలుస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, వాగు ఇసుకలో పక్క వేయనివ్వరు. ఎక్కడో దూరాన కొండల మీద కురిసిన వాన రాత్రికి రాత్రి వరదై మీద పడుతుందని వారికి తెలుసు. ఈ సంగతి ఏ పటం చెబుతుంది?

ఇదంతా డబ్బున్న విదేశీయుల సరదా అని తీసిపారేసేవారు ఉంటారు. కొంత నిజమే. కానీ బాట మొదలైన ఏడాదే, 2015 అక్టోబరు 31న, షర్మ్ అల్ షేఖ్ నుంచి బయలుదేరిన రష్యా విమానం సీనాలో కూలి 224 మంది చనిపోయారు. యాత్రికులు రావడం మానేశారు. ఒంటెలవారి పొయ్యి ఆరిపోయే పరిస్థితి. అలాంటి రోజుల్లో ఈ నడక కొన్ని ఇళ్లకు తిండి పెట్టింది. 2019లో హమాదా తెగ స్త్రీలు కూడా దారి చూపడానికి ముందుకు వచ్చారు. వారు నడిపించింది స్త్రీలనే. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలన్నది తెగ పెట్టిన షరతు.

ఇప్పుడు ఆ కొండల కింద వేరే పని జరుగుతోంది. 2021లో ఈజిప్టు ప్రభుత్వం అక్కడ పెద్ద పర్యాటక పథకం మొదలుపెట్టింది. హోటళ్లు, విల్లాలు, బజార్లు కడుతోంది. పథకానికి పెట్టిన పేరు తజల్లీ. మూసా అలైహిస్సలాం స్పృహ తప్పి పడిపోయిన, కొండ నుగ్గయిపోయిన ఆ ఘడియ పేరును హోటళ్లకు తగిలించడం ఏమిటో నాకు అర్థం కాదు. 2002 నుంచి ఆ ప్రాంతం ప్రపంచ వారసత్వ స్థలం. 2023లో యునెస్కో పనులు ఆపమని కోరింది. జబాలియావారి కొన్ని ఇళ్లు కూల్చారనీ, వాహనాలు నిలిపే స్థలం కోసం ఖబరస్తాన్‌లోని తమవారి శవాలను వారే తవ్వి తీసుకోవలసి వచ్చిందనీ వార్తలు వచ్చాయి.

ఈ జబాలియావారు ఎవరు? ఆరో శతాబ్దంలో అక్కడి క్రైస్తవ మఠానికి కాపలాగా రోము చక్రవర్తి జస్టీనియన్ పంపినవారి సంతతి అని వారే చెప్పుకుంటారు. తర్వాత ఇస్లాం స్వీకరించారు. మఠాన్ని మాత్రం విడిచిపెట్టలేదు, ఇప్పటికీ వారిలో కొందరు అందులో పనిచేస్తారు. మఠం గోడల లోపలే ఫాతిమీల నాటి మసీదు ఉంది. పై కొండల్లో రాతిగోడలు కట్టి బాదం, దానిమ్మ, ఆలివ్ తోటలు పెంచుకున్నారు. పద్నాలుగు వందల ఏళ్లు దాటి ఆ కొండను కాపాడినవారికి దాని భవిష్యత్తు మీద మాట లేకపోవడం అన్యాయం. ఈజిప్టుకు ఆదాయం కావాలి, కాదనను. ఆ ఆదాయం తెచ్చే దారి వారే 2015లో వేసి చూపారు కదా!

జియారత్ యాత్రల్లో మనవారు కూడా కొందరు తూర్ కొండ చూసి వస్తున్నారు. ఏసీ బస్సులో వెళ్లి, ఫోటో దిగి, ముసాఫిర్లం కాబట్టి నమాజు ఖస్ర్ చేసుకుని తిరిగివస్తారు. తప్పేమీ లేదు. కానీ ఈసారి వెళ్లేవారు టూర్‌వారిని ఒక్కరోజు ఎక్కువ అడగండి. జబాలియా మనిషిని మాట్లాడుకుని, ఆయన వెనుక ఆ తోటల దాకా నడవండి. కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.