తొలి నివేదికే తుది మాటా?

ఊరేగింపు మీద తూటాలు పేలిన మర్నాడే రెండు కథలు బయల్దేరతాయి. అధికార ముద్ర పడిన కథే చరిత్రవుతుందనే మాట సగమే నిజం. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో, విచారణ లేని నిర్బంధాలకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనపై బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. ముందు తమపైనే కాల్పులు జరిగాయన్న సైన్యం మాటను ఏప్రిల్‌లో వచ్చిన న్యాయమూర్తి విడ్జరీ అధికారిక విచారణ నివేదిక నమ్మింది. మూడు నెలలు తిరక్కుండానే తీర్పు; తొందరపాటుకు అంతకు మించిన నమూనా ఉండదు. అయితే ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే పౌరహక్కుల కార్యకర్తలు వందలాది ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలు రాసి పెట్టారు. విడ్జరీ వాటిని దాదాపు పట్టించుకోలేదు. కాగితాలు మాత్రం మిగిలాయి. మృతుల కుటుంబాలు పట్టు వదలకపోవడంతో 1998లో ఏర్పాటైన సావిల్ విచారణ, తూటాలకు గురైనవారెవరూ సైనికులకు ముప్పు కలిగించలేదని 2010లో తేల్చింది. నాటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

దశాబ్దాల నాటి జ్ఞాపకాలను నమ్మేదెలా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అందుకే సావిల్ జ్ఞాపకాల మీదే ఆధారపడలేదు. నాటి వాంగ్మూలాలు, ఫొటోలు, వైద్య ఆధారాలతో సరిచూశారు. అఫీషియల్ ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ వాళ్లూ కొన్ని తూటాలు పేల్చారని దాచకుండా రాశారు. ఒక పక్షం కథ చెరిపి మరో పక్షం కథ రాయడం కాదది. పోలీసు కాల్పులపై కమిషన్లు వేసే మన ప్రభుత్వాలు కూడా నివేదికతో పాటు సాక్షుల వాంగ్మూలాలనూ ప్రజల ముందుంచాలి.