అతుకుల బొంతే, అయితే ఏంటట?

"సొంతంగా ఒక్క ముక్క చేతకానివాళ్ళే ఇంకొకడి పాటను కోసి అతికిస్తారు" అని సంగీతం తెలిసిన పెద్దమనుషులు తేల్చేస్తుంటారు. టోక్యో హరాజుకు వీధుల్లో కుర్రకారు వేషాల ఫొటోలు చూపిస్తే అదే నోటితో "ఇదేం పగటివేషం?" అంటారు. నాకు రెండూ ప్రాణం. రెండింటికీ కలిపే జవాబు చెబుతాను, కాస్త గట్టిగానే.

కింగ్ టబ్బీ పేరు విన్నారా? జమైకాలో, కింగ్‌స్టన్‌లో ఓ పేదపేటలో ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసుకునే మనిషి. 1970లలో, ఇంట్లోనే పెట్టుకున్న చిన్న స్టూడియోలో, తాను బాణీ కట్టని, తాను పాడని పాటల్లోంచి గొంతు తీసేసి, డ్రమ్మునీ బేస్‌నీ ముందుకు తోసి, మిగిలిన ఒక్క మాటను ఎకోలోకి విసిరేశాడు. డబ్ సంగీతాన్ని మలిచిన చేతుల్లో ఆయనవి ముందువరస. నకలు కొట్టాడనండి చూద్దాం!

కింద ఓ బీటు తగిలిస్తే రీమిక్స్ అయిపోతుందనుకునేవాళ్ళు ఒక్క రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి. గొంతును విడదీస్తే వెనకాల తాళాల చప్పుడు కొంచెం అంటుకునే వస్తుంది. స్పీడు పెంచి శ్రుతి సరిచేస్తే అచ్చులు వంకరపోతాయి. పల్లవి రెండో పాదానికి ముందు గాయని ఊపిరి తీసుకుంటుంది. దాన్ని కోసేస్తే బీటు సరిగ్గా పడుతుంది, ఉంచితే మనిషి మిగులుతుంది. ఏది కావాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అక్కడ తేల్చుకునేవాడు రచయిత కాకపోతే ఇంకెవరు?

బట్టల్లోనూ అంతే. 1997లో షోయిచి అవొకి మొదలుపెట్టిన 'ఫ్రూట్స్' పత్రిక చూడండి. హరాజుకు వీధిలో నిలబడ్డ కుర్రకారు నిలువెత్తు ఫొటోలు, కింద చిన్న అక్షరాల్లో ఏది ఎక్కడిదో వివరం. ఒకటి పేరున్న కంపెనీది, ఒకటి పాతబట్టల కొట్టుది, ఒకటి సొంతంగా కుట్టుకున్నది. ఒళ్ళంతా అలంకరణలే అయిన 'డెకోరా' పోకడ పిల్ల ముంగురులు కనబడనన్ని ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టుకుంటుంది. ఒక్క క్లిప్పూ ఆమె తయారుచేసింది కాదు. ఆ సింగారం మాత్రం ఆమెదే. పక్కనే షిబుయాలో పిజ్జికాటో ఫైవ్, కార్నీలియస్ లాంటివాళ్ళు పాత రికార్డుల ముక్కలు ఏరి కొత్త పాటలు చేసిందీ ఆ దశకంలోనే.

ఆదివారాలు మనుషులకు వదిలేసిన ఆ హరాజుకు రోడ్డును 1998లో మళ్ళీ కార్లకు అప్పజెప్పారు. 2017లో, ఫొటో తీయదగ్గవాళ్ళు దొరకడం లేదంటూ అవొకి నెలనెలా వచ్చే పత్రిక ఆపేశాడు. కుర్రకారులో సరుకు తగ్గిందని నేను ఒప్పుకోను. నిలబడే చోటు లాగేసుకున్నారు.

ఇక దొంగతనం సంగతి. 2004లో డేంజర్ మౌస్ అనే సంగీత నిర్మాత ర్యాపర్ జే-జీ గొంతును బీటిల్స్ 'వైట్ ఆల్బమ్' ముక్కలతో కలిపి 'గ్రే ఆల్బమ్' చేస్తే ఈఎంఐ కంపెనీ ఆపమంది. ఫిబ్రవరి 24న ఎన్నో వెబ్‌సైట్లు పంతం పట్టి దాన్ని ఉచితంగా పంచాయి. మన దగ్గరో? పాత హిట్టుకు సినిమావాళ్ళు కొత్త డప్పు తగిలిస్తే నివాళి. బోనాలకు ఊళ్ళో కుర్రాడు గదిలో కూర్చుని తీన్మార్ మిక్స్ చేస్తే కాపీరైట్ స్ట్రైకు. అతణ్ణి దొంగ అన్న పెద్దాయనే కూతురి బరాత్‌కు అదే డీజేని మాట్లాడుకుని, తెల్లారేదాకా చిందేస్తాడు.

అసలు పాట చేసినవాళ్ళకు డబ్బు రావద్దా అంటారు. రావాలి! కానీ రికార్డింగు హక్కు చాలాసార్లు పాడినవాళ్ళ చేతిలో ఉండదు, కంపెనీ బీరువాలో ఉంటుంది. కాబట్టి వాళ్ళ పేరు చెప్పి మా మీద ఎగరకండి. 2008లో రేడియోహెడ్ బ్యాండు తన 'న్యూడ్' పాటను గొంతు వేరుగా, డ్రమ్ము వేరుగా, బేస్ వేరుగా అమ్మకానికి పెట్టి, రీమిక్స్ చేసుకోండని అభిమానుల్ని పిలిచింది. మన ఆడియో కంపెనీలూ ట్రాకులు విడదీసి బయటపెట్టండి. రేటు కట్టండి, కొనుక్కుంటాం. పాడినవాళ్ళకు అందులో వాటా ఎంతో అట్ట మీదే అచ్చేయండి.