తుపాకి అనుమతిపత్రానికి జిరాక్సులు

మన తెలుగువాళ్ళకు నకలు కాగితం మీద ఉన్నంత నమ్మకం అసలు కాగితం మీద ఉండదు. పదో తరగతి మార్కుల జాబితా మొదలుకొని రేషను కార్డు దాకా ప్రతిదానికీ పదేసి జిరాక్సులు తీయించి, వాటి మీద గెజిటెడ్ ఆఫీసరు చేత పచ్చసిరా సంతకం పెట్టించుకొని, అసలును బీరువాలో దాచి తాళం వేసుకొంటూ పెరిగినవాళ్ళం. బయటికి తీస్తే పోతుందని భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పోయిన సర్టిఫికెట్టును తిరిగి తెచ్చుకోవడానికి అరిగే చెప్పుల సంగతి నాకూ తెలుసు.

ఈ అలవాటు సముద్రాలు దాటి అమెరికాలోని మిన్నెసోటా దాకా వచ్చింది. ఇక్కడ మా మిత్రుడొకాయన రెండేళ్ళ క్రితం చేతితుపాకి వెంట ఉంచుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. తీసుకోవాలా వద్దా అన్న వాదన మా మధ్య ఎప్పుడో ముగిసింది. ఎవరి అభిప్రాయం వారి దగ్గరే ఉండిపోయింది. (నేను తీసుకోలేదు.) మొన్న ఆయన కారులో వెళ్తూ కాగితం రుమాలు కోసం గ్లవ్ బాక్సు తెరిస్తే, ఆ అనుమతిపత్రం జిరాక్సు కనిపించింది. లామినేషను కూడా చేయించాడు! అలాంటిదే మరొకటి ఆఫీసు సొరుగులో ఉందట, ఒకటి వాళ్ళావిడ హాండ్‌బాగులో, ఒకటి ఫోనులో ఫోటోగా. అసలు ఎక్కడుందయ్యా అని అడిగితే, "ఇంట్లో భద్రంగా ఉంది గురువుగారూ" అన్నాడు.

ఆ ఒక్క మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మిన్నెసోటాలో ఇప్పుడున్న పద్ధతి 2003 నాటి చట్టంతో వచ్చింది. అనుమతి ఇచ్చేది కౌంటీ షెరీఫ్. అయిదేళ్ళు చెల్లుతుంది. పిస్టలు ఒంటి మీద ఉన్నంతసేపూ అనుమతి కార్డు, దానితోపాటు ప్రభుత్వం ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు దగ్గర ఉండాలనీ, పోలీసు అధికారి అడిగితే రెండూ చూపించాలనీ ఆ చట్టం చెబుతుంది. అది అడిగేది కార్డును, దాని బొమ్మను కాదు. అనుమతి కార్డు మీద ఉండేవి పేరు, నివాసం, డ్రైవింగ్ లైసెన్సు సంఖ్య. మనిషి ముఖం ఉండదు. అందుకే రెండో కార్డు కావాలి. అంతేకాదు, అధికారి కోరితే ఆయన ఎదుటే సంతకం పెట్టి చూపాలి కూడా. ఎదుటి మనిషి ఎవరో తేల్చుకోవడానికి ఇన్ని ఏర్పాట్లు చేసినవాళ్ళకు, వీధి చివరి దుకాణంలో తీయించిన జిరాక్సు ఏ విధంగా సాక్ష్యమవుతుంది?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కార్డు మరిచిపోయినంత మాత్రాన మిన్నెసోటా చట్టం మనిషిని జైలులో వేయదు. మొదటిసారికి జరిమానా 25 డాలర్లకు మించదు. ఆనాటికి అనుమతి ఉన్నదని తరువాత నిరూపిస్తే ఆ కేసును కొట్టివేయాలి. కార్డు పోతే ముప్ఫై రోజులలోగా షెరీఫ్‌కు తెలియజేసి, పోయిందని నోటరీ ఎదుట వ్రాసిచ్చి, పది డాలర్లు కడితే మరో కార్డు ఇస్తారు. ఇక్కడ అసలు పోవడం పెద్ద ఆపద కాదు. మన ఊళ్ళ నుంచి తెచ్చుకున్న భయానికి ఈ ఊళ్ళో అంత పని లేదు.

మరి ఆపద ఎక్కడ? ముందుగా ఆ హాండ్‌బాగులో. అనుమతి మనిషికే గాని కుటుంబానికి కాదు. భర్త కాగితం నకలు దగ్గరుంచుకొని, ఆయన పిస్టలున్న కారును భార్య నడిపితే ఆవిడకు ఆ కాగితం ఏ రక్షణా ఇవ్వదు. గుండ్లు తీసి, మూసి బిగించిన పెట్టెలో పెట్టిన తుపాకి సంగతి వేరు. అలా కాక సీటు కింద తుపాకి ఉంటే, అది 25 డాలర్లతో పోయే తప్పు కాదు, నేరమే. ఆవిడ ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉంది. చట్టవిరుద్ధంగా తుపాకి కలిగి ఉన్నట్లు నేరం రుజువైతే, పౌరసత్వం లేని మనిషిని దేశం నుంచి పంపివేయడానికి అది ఒక కారణమని ఫెడరల్ వలస చట్టంలోనే ఉంది. ఇరవై ఏళ్ళ సంసారం ఒక జిరాక్సు ఇచ్చిన ధైర్యం మీద నిలబడి ఉందని ఆ దంపతులకు తోచనేలేదు.

ఆఫీసు సొరుగులోది ఇంటి చిరునామాతో సహా ఇంట్లో తుపాకి ఉందని చాటే కాగితం. 2012 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రంలో ఒక పత్రిక, రెండు కౌంటీలలో పిస్టలు అనుమతి ఉన్నవారి పేర్లూ చిరునామాలూ పటం మీద గుర్తించి ప్రకటిస్తే ఎంత అలజడి రేగిందో కొందరికి గుర్తుండవచ్చు. మిన్నెసోటాలో ఈ వివరాలను చట్టం గోప్యంగా ఉంచుతుంది. ప్రభుత్వం దాచినదాన్ని మనమే సొరుగుల్లో పంచిపెట్టుకోవడం దేనికి?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది గ్లవ్ బాక్సులోది. 2016 జూలై 6న ఇదే మిన్నెసోటాలో, సెయింట్ పాల్ పక్కనున్న ఫాల్కన్ హైట్స్‌లో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు అధికారి ఆపాడు. బడి భోజనశాలలో పనిచేసే మనిషి. ఇన్సూరెన్సు కాగితం అందించి, తన దగ్గర తుపాకి ఉందని మర్యాదగా తానే చెప్పాడు. అనుమతి ఉంది. క్షణాలలో ఏడు గుండ్లు పేలాయి. కారులో స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ళ పాప ఉన్నారు. తుపాకి తీస్తున్నాడనుకొన్నానని అధికారి వాదించాడు. 2017 జూన్‌లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా వదిలేసింది. ఆ తీర్పు నాకు ఈనాటికీ మింగుడుపడదు. అసలు కాగితం ఉన్నా ఆ మనిషి ప్రాణం దక్కలేదు కదా అని మీరడగవచ్చు. నిజమే, దక్కలేదు. ఆ రాత్రి కాగితం మీద ఏముందో చూసినవారు లేరు, చెయ్యి ఎటు కదిలిందన్నదే చూశారు. గ్లవ్ బాక్సులో పెట్టిన నకలు సరిగ్గా ఆ చేతినే పిలుస్తుంది: చీకట్లో, వంగి, మూత తెరిచి వెతకమని. అదీ చట్టం అడగని కాగితం కోసం.

కనుక ఇంట్లో ఒకే ఒక నకలు చాలు, కార్డు పోతే వివరాలు చూసుకోవడానికి. అసలు పర్సులో డ్రైవింగ్ లైసెన్సు పక్కనే ఉండాలి. చేతులు స్టీరింగు మీదే ఉంచి, పర్సు ఎక్కడుందో నోటితో చెప్పి, తీయమన్నాకే తీయాలి. ఇదంతా మా మిత్రునికి చెప్పాను. ఓపికగా విన్నాడు. నా ఎదుటే గ్లవ్ బాక్సులోది చింపేశాడు, ఫోనులో ఫోటో తుడిచేశాడు.

హాండ్‌బాగులోది మాత్రం ఆవిడ ఇవ్వనంటోందట. దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని.