వంటయింటి ముచ్చటలు: పెరటి కుక్కకు పెట్టరాని ముద్ద

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఎఱ్ఱగడ్డ లేని భోజనము లేదు. హాలహర్వి పల్లెలలో పొలము పోవువారి మూటలో జొన్నరొట్టె, కారము, ఎఱ్ఱగడ్డ యుండితీరును. ఇంటిల్లిపాదియు తినగా మిగిలినది పెరటి కుక్కకు వేయుదుము. వాకిట కాచుకొనియున్న మూగజీవికి ముద్ద పెట్టక తలుపు మూయుటకు మనసొప్పదు గదా! కాని ఆ ముద్దలోని ఎఱ్ఱగడ్డయే దానికి విషమని యెఱిగినవారు మనలో కొందఱే.

ఎఱ్ఱగడ్డ, తెల్లగడ్డ, ఉల్లికాడలు ఒక్క జాతివి. వీనియందలి గంధక పదార్థములు మనకు రుచి నిచ్చును. కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను మాత్రము పగులగొట్టును. ఉడికించినను, వేయించినను, పొడి చేసినను ఈ దోషము పోదు. కావున పచ్చిది పెట్టలేదు గదా యని పులుసులోని ముక్కలు వేయరాదు. కుక్క బరువులో కిలో యొక్కంటికి 15 మొదలు 30 గ్రాముల ఎఱ్ఱగడ్డ కీడు చేయునని పశువైద్యుల లెక్క. 10 కిలోల కుక్కకు 150 గ్రాములు, అనగా నడితరపు గడ్డలు రెండు. దినదినము కొంచెము కొంచెముగా తినినను చేటే. తెల్లగడ్డ యింకను తీక్ష్ణము. పిల్లికి కుక్కకంటెను తక్కువ మోతాదు చాలును.

ఇందలి చిక్కేమనగా, కీడు ఆనాడే కానరాదు. కొన్ని దినములకు కుక్క మూల చేరి పడుకొనును, చిగుళ్లు పాలిపోవును, ఊరక రొప్పును, మూత్రము కెంపెక్కి కాఫీ డికాషను వన్నెకు వచ్చును. అప్పటికి మనము పెట్టిన కూర మనకే జ్ఞప్తి యుండదు. దిష్టి యందురు, పురుగు ముట్టిన దందురు, వేపమండలతో దిగదుడుతురు. ఈలోగా ప్రాణము పోవును. దీనికి ప్రత్యేకమైన విఱుగుడు లేదు. తినిన వెంటనే పశువైద్యశాలకు కొనిపోయినచో వైద్యుడు కక్కించును. ఆలసించినచో రక్తమెక్కింపవలసి రావచ్చును. ఇంటిలో ఉప్పునీళ్లు త్రాగించి కక్కింప జూడకుడు, ఆ యుప్పే మఱియొక విషమగును.

“తరతరములుగా తినుచునే యున్నవి, ఏమైనది?” అని మా యింటి పెద్దలందురు. ఎన్ని చచ్చెనో, ఎందుచే చచ్చెనో లెక్క వ్రాసినవారెవరు? ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు తన కొడుకును నిష్కారణముగా కొట్టినందుకు సరమ రాజసన్నిధికే వచ్చి నిలదీసెను. మన పెరటి కుక్కకు అట్టి తల్లి లేదు.

చింతపండు మాటయు చెప్పవలయును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండములను చెఱచునని చాలకాలముగా తెలిసినను కారణము తెలియకుండెను. 2021లో అమెరికా పశువైద్యులు టార్టారిక్ ఆమ్లమును అనుమానించిరి. మన చింతపండు పులుపునకును అదియే మూలము. చింతపండు తినిన కుక్కలకు మూత్రపిండములు చెడిన ఉదంతములను 2022లో ప్రకటించిరి. కావున చారు, పులుసు, చింతతొక్కు దానికి వలదు. మొలకెత్తిన ఉర్లగడ్డయు, పచ్చి టమాటకాయయు, టమాట ఆకులును అట్లే.

మఱి యేమి పెట్టవలయును? పప్పు ఉడికిన వెంటనే, ఉప్పు, కారము, ఎఱ్ఱగడ్డ చేరకమునుపే, ఒక గరిటెడు వేఱుగా తీసి యుంచుడు. అన్నములోనో జొన్నసంకటిలోనో కలిపి పెట్టవచ్చును. ఉడికించిన గుమ్మడి ముక్క మంచిది. తిరగమోతకు ముందు గరిటె నొకమాఱు త్రిప్పుటయే గాని వేఱు శ్రమ లేదు.

ధర పడిపోయిన యేట ఎఱ్ఱగడ్డలను ఊరక పాఱవేయనేల యని పశువులకు వేయువారును కలరు. గొఱ్ఱెలు, మేకలు కొంత తట్టుకొనును. ఆవులు, ఎద్దులు తట్టుకొనలేవు. గట్టున గుట్ట పోసిన చోటికి పశువులను తోలవద్దని ఇంటి మగవారికిని, కాపరి పిల్లలకును చెప్పుడు.