బోటీకి పాస్‌పోర్టు ఉంటే

లియోన్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ రాతలు ఈ మధ్య వరసగా నాలుగైదు చదివాను. అన్నీ ఒకే అచ్చు. రెండు నదులు, సోన్, రోన్. ఫూర్వియేర్ కొండ మీద తెల్లటి బాసిలికా, కింద ఎర్రపెంకుల ఇళ్ళు. రాళ్ళు పరిచిన సందుల్లో నడక. రాత్రికి ‘బూషోన్’ అనే చిన్న భోజనశాలలో గళ్ళ టేబుల్ క్లాత్ మీద విందు. చివర్లో, తినడాన్ని వీళ్ళు కళ చేసుకున్నారండీ అని ఒక నిట్టూర్పు. నా పేచీ ఆ నిట్టూర్పుతోనే.

ఎందుకంటే, ఆ టేబుల్ మీదికి వచ్చిందేమిటో చూడండి. ‘తబ్లియే ద సపర్’ అంటే గొడ్డు పొట్టని వైట్ వైన్‌లో నానబెట్టి, రొట్టెపొడి అద్ది వేయించిన ముక్క. సైన్యంలో సపర్లు కట్టుకునే తోలు ఏప్రాన్ పేరు దానికి. ‘అందువియెట్’ అంటే పేగులో పేగులు కూరిన సాసేజి. దీన్నే మన ఊళ్ళల్లో బోటి అంటారు. మేకబోటి కూడా కాదు, గొడ్డుబోటి. నేను చదివిన వ్యాసాల్లో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. ఒకరు ‘ట్రైప్’ అన్నారు, ఇంకొకరు ‘అరుదైన మాంసభాగాలు’ అన్నారు. అరుదేంటి? ప్రతి జంతువుకీ కడుపు ఉంటుంది కదా!

నేనూ వెళ్ళాను, తిన్నాను. అందువియెట్ సగమే తినగలిగాను, ఆ వాసన నాకు పట్టలేదు. ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు. వాసన నచ్చకపోవడం వేరు, తినేవాళ్ళని నచ్చకపోవడం వేరు.

ఈ తిండి లియోన్‌కి ఎలా వచ్చిందో మన యాత్రికులు చెప్పరు. ఫూర్వియేర్‌ని ప్రార్థించే కొండ అంటారు. ఎదురుగా క్రోయ్-రూస్, పనిచేసే కొండ. అక్కడి ఇళ్ళల్లో పైకప్పులు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటాయి. దర్జా కోసం కాదు, జకార్డు మగ్గం పట్టాలి కాబట్టి. మన ధర్మవరం మగ్గాల మీద చీర అంచుకి బుటా దించే ఆ జకార్డు పేరు ఈ లియోన్ మనిషిదే. ఆ మగ్గాల దగ్గరే పడుకుని, అక్కడే వండుకుని బతికిన పట్టునేతగాళ్ళని కన్యూలు అనేవారు. వాళ్ళు నేసిన పట్టు రాజుల గోడలకెక్కింది. చీకటి వేళ మొదలైన పని ఆపి, పొద్దున్నే పందిమాంసపు తక్కువరకం ముక్కలతో, వైన్‌తో కడుపు నింపుకునేవారు. దాని పేరు ‘మాషోన్’. ఇవాళ అది టూరిస్టు ప్యాకేజీ. వెల్లుల్లి, ఉల్లి, ఆకులు కలిపిన మెత్తటి జున్నుకి ‘కన్యూ మెదడు’ అని పేరు. నేతగాడికి నిజం మెదడు కొనే స్తోమతు లేక అని కొందరంటారు, యజమానుల వెటకారం అని కొందరంటారు. ఏది నిజమైనా ముద్ద కాస్త చేదెక్కాలి.

1831 నవంబరులో ఆ కొండ దిగి వచ్చారు నేతగాళ్ళు. కనీస కూలిరేటు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, వ్యాపారులు మాట తప్పారు. పని చేస్తూ బతకడమో, పోరాడుతూ చావడమో అని నల్లజెండా ఎత్తారు. కొద్దిరోజులు నగరం వాళ్ళ చేతిలో ఉంది. తర్వాత సైన్యం దిగింది. 1834 ఏప్రిల్లో మళ్ళీ లేచారు, ఈసారి వందలమంది చచ్చిపోయారు. ఇప్పుడు మనం ఫోటోలు దిగే ‘త్రాబూల్’లు, అంటే ఇళ్ళ లోపలినుంచి ఒక వీధి మీంచి ఇంకో వీధికి తేలే దారులు, క్రోయ్-రూస్‌లో పట్టు తానులు వానకి తడవకుండా మోసుకెళ్ళిన దారులే. మన వ్యాసాల్లో మాత్రం అవి ‘మాయా సొరంగాలు’.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. లియోన్ వంట అనగానే పోల్ బొక్యూజ్ పేరు. పెద్ద మార్కెట్‌కి కూడా ఆయన పేరే. ఆయన కుర్రతనంలో పని నేర్చుకున్న వంటిళ్ళల్లో ఒకటి యూజెనీ బ్రాజియేది. 1895లో పుట్టిన పల్లెటూరి పిల్ల. పదేళ్ళకి తల్లి పోయింది, పొలంపనులకి వెళ్ళింది, పెళ్ళి కాకుండా బిడ్డని కని లియోన్‌కి వచ్చి ఇళ్ళల్లో వంటకి చేరింది. 1921లో సొంతంగా చిన్న హోటల్ పెట్టింది. 1933లో ఆమె రెండు హోటళ్ళకీ మిషెలిన్ మూడేసి నక్షత్రాలు. 1998లో అలాన్ ద్యుకాస్ ఆరు నక్షత్రాలు సాధిస్తే, ప్రపంచంలో మొట్టమొదటివాడు అని పత్రికలు రాసేశాయి. అరవై అయిదేళ్ళ ముందే ఒక పనిమనిషి చేసిన పని అది!

లియోన్‌ని నేనేమీ నెత్తిన పెట్టుకోవడం లేదు. ఒకప్పుడు రాబ్లే వైద్యుడిగా పనిచేసిన, శతాబ్దాలపాటు పేదలకి మందిచ్చిన ఓతెల్-ద్యూ ఆసుపత్రిలో ఇవాళ ఖరీదైన షాపులు, లగ్జరీ హోటల్ ఉన్నాయి. అందులోనే 2019లో గాస్ట్రానమీ కేంద్రం అట్టహాసంగా తెరిచి, ఏడాది తిరక్కుండా మూసేశారు (తర్వాత మళ్ళీ తెరిచారనుకోండి). బూషోన్‌లో భోజనం ఇవాళ రోజుకూలీ తినగలిగే ధర కాదు. అంటే పేదల తిండిని కొట్టేయడం అక్కడా జరిగింది. కానీ కొట్టేసేటప్పుడు పేరన్నా మిగిల్చారు. మెనూ కార్డు మీద నేతగాడు ఉన్నాడు. మన దగ్గర?

హైదరాబాదులో ఇల్లు వెతుక్కున్నవాళ్ళకి తెలుసు. టు-లెట్ బోర్డు మీదే ‘ప్యూర్ వెజ్ ఫ్యామిలీస్ ఓన్లీ’. నాకొక ఇంటి ఓనరు చికెన్‌కి సరే అన్నాడు, ‘ఆ మిగతావి మాత్రం వండకండమ్మా, వాసన’ అన్నాడు. మిగతావి అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. బోటి, తలకాయ, నల్ల, తునకలు. తినేవాళ్ళ కులం తెలిసిపోయే కూరలు. 2012లో ఉస్మానియాలో పిల్లలు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే రాళ్ళు పడ్డాయి. అదే మాంసం, అదే జంతువు, రోన్ నది ఒడ్డున వైన్‌తో వస్తే మనకి సంస్కృతి.

‘ప్రతిదాంట్లోకీ కులం లాగుతారు, హాయిగా తిరగనివ్వరా’ అంటారు. తిరగండి, తినండి. ఆ ఊళ్ళో నూనెలో వేగిన గొడ్డు పొట్ట బ్రహ్మాండంగా ఉంటుంది, నేను గ్యారంటీ. ఇంటికొచ్చి రాసేటప్పుడు మాత్రం ‘నేను బోటి తిన్నాను’ అని తెలుగులో, ఉన్న మాటతోనే రాయండి. ఆ వాక్యం రాయడానికి చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఆ సంగతి కూడా అదే వ్యాసంలో రాయండి.